ఇంటి గోడకు ఏటవాలు జెండా కర్రను బిగించే విధానం

జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15 దగ్గర పడగానే హైదరాబాదు వీధుల్లో బాల్కనీ కడ్డీలకు ప్లాస్టిక్ తాడుతోనో బైండింగ్ వైరుతోనో కట్టిన జెండాలు కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు మొదటి వానకే పక్కకు ఒరిగిపోతాయి. కొన్నింటి గుడ్డ కర్రకు చుట్టుకుపోయి మూడు రంగుల్లో ఒకటి మాత్రమే బయటికి కనబడుతుంది. గోడకు ఒక గట్టి బ్రాకెట్‌ను శాశ్వతంగా బిగించుకుంటే ఈ అవస్థ ఉండదు. జెండా ఎగరేయవలసిన రోజున కర్రను అందులో దూర్చి మర బిగిస్తే సరిపోతుంది, పండుగ దాటాక కర్రను తీసి లోపల పెట్టుకోవచ్చు. అయితే ఆ బ్రాకెట్‌ను బిగించడానికి ముందు గోడ ఎటువంటిదో, గాలి ఎటునుంచి వస్తుందో, కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి. రంధ్రాలు వేయడం అరగంట పని. అవి ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం ఇవ్వవలసి ఉంటుంది.

నేలలో పాతిన నిలువు కర్రకు, గోడ నుంచి వాలుగా బయటికి పొడుచుకొచ్చిన కర్రకు బరువు మోసే తీరులో పెద్ద తేడా ఉంది. వాలు కర్ర ఎల్లప్పుడూ బ్రాకెట్ పలక పైభాగాన్ని గోడ నుంచి ఊడబెరకడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. గాలి వల్ల జెండా మీద 5 కిలోల లాగుడు పడిందనీ, ఆ లాగుడు బ్రాకెట్ నుంచి 4 అడుగుల దూరంలో పనిచేస్తోందనీ అనుకుందాం. పలకలోని పై మరలకూ కింది మరలకూ మధ్య ఎడం 2 అంగుళాలే ఉంటే పై మరల మీద పడే లాగుడు సుమారు 120 కిలోలు; అదే ఎడం 5 అంగుళాలు ఉంటే అది 48 కిలోలకు తగ్గుతుంది. అందుకే దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే, రెండు రంధ్రాలు మాత్రమే ఉన్న చిన్న రేకు బ్రాకెట్లు చేతి జెండాకు తప్ప మరి దేనికీ పనికిరావని నా అభిప్రాయం.

మన నగరంలో గాలి ఏడాది పొడవునా ఒకే తీరుగా వీచదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉరుములతో పాటు వచ్చే గాలిదుమారం కొద్ది నిమిషాలే ఉన్నా చెట్ల కొమ్మలను విరిచేస్తుంది. భవనాల డిజైనులో వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875లోని మూడో భాగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్ల ప్రాథమిక గాలి వేగాన్ని నిర్దేశిస్తుంది. ఇది గంటకు 158 కిలోమీటర్లతో సమానం. అంతటి గాలిలో జెండాను ఎవరూ బయట ఉంచరు గానీ, ఊరికి వెళ్లినప్పుడు తీయడం మరచిపోయిన జెండా ఒక్క దుమారానికి పలకనూ పెళ్లనూ కలిపి ఊడదీసి కింద ఉన్నవారి మీద పడేయగలదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభం మీద ఎగరేసిన భారీ పతాకం కూడా గాలుల ధాటికి చిరిగిపోయి, దాన్ని పలుమార్లు మార్చవలసి వచ్చింది.

కర్ర పొడవు, కోణం, ఎత్తు

భారత పతాక నియమావళి ప్రకారం జాతీయ జెండా పొడవు, వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. అందులో పేర్కొన్న కొలతల్లో ఇంటి ముందు వాలు కర్రకు చక్కగా అమరేది 900 × 600 మిల్లీమీటర్ల జెండా. వాడుకలో దీనినే మూడడుగుల జెండా అంటారు. దీనికి 5 అడుగుల కర్ర చాలు. 1350 × 900 మిల్లీమీటర్ల జెండాకు 7 అడుగుల కర్ర కావాలి కాబట్టి, రెండంతస్తుల సొంత ఇల్లు, ముందు ఖాళీ స్థలం ఉన్నవారు తప్ప మిగిలినవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కోణం విషయంలో బజారులో ఎక్కువగా దొరికేవి 45 డిగ్రీల బ్రాకెట్లే. కర్రను నేలకు సమాంతరంగా వంచేకొద్దీ గాలి లేనప్పుడు కూడా జెండా విప్పారి కనిపిస్తుంది, కానీ వీధిలోకి ఎక్కువగా పొడుచుకొస్తుంది, పై మరల మీద బరువు పెరుగుతుంది. నిటారుగా నిలిపేకొద్దీ బరువు తగ్గుతుంది, కానీ గాలి లేనప్పుడు గుడ్డ ముడుచుకుపోయి కర్రకు ఆనుకొని వేలాడుతుంది. ఈ రెండింటికీ మధ్యస్థంగా 45 డిగ్రీలు చాలా ఇళ్లకు సరిపోతుంది. సందు ఇరుకుగా ఉన్నచోట, ఎదురింటి బాల్కనీ దగ్గరగా ఉన్నచోట 60 డిగ్రీలు ఎంచుకోవాలి.

ఎత్తును ఊహించకుండా లెక్క వేసుకోవాలి. 5 అడుగుల కర్రను 45 డిగ్రీలకు బిగిస్తే దాని కొన గోడకు మూడున్నర అడుగుల ముందుకు, బ్రాకెట్‌కు మూడున్నర అడుగుల పైకి వస్తుంది. జెండా అంచు కర్ర చివరి రెండడుగులను ఆక్రమిస్తుంది కాబట్టి ఆ అంచు కింది మూల బ్రాకెట్‌కు సుమారు రెండడుగుల పైన ఉంటుంది. గాలి లేనప్పుడు అక్కడి నుంచి మూడడుగుల గుడ్డ కిందికి వేలాడుతుంది. అంటే జెండా కింది కొస బ్రాకెట్ కంటే దాదాపు ఒక అడుగు దిగువకు వస్తుంది. 30 డిగ్రీల కోణంలో అది ఒకటిన్నర అడుగులు దిగుతుంది, 60 డిగ్రీల కోణంలో అర అడుగు లోపే ఉంటుంది. జెండా నేలను గానీ నీటిని గానీ తాకకూడదని నియమావళి చెబుతోంది. దానితో పాటు మనుషుల తలలకు, కారు పైభాగానికి, తులసి కోటకు, పూల కుండీలకు, కింది అంతస్తువారి బట్టల దండేనికి తగలకుండా కూడా చూసుకోవాలి. మనుషులు నడిచే చోట జెండా కింది కొస నేల నుంచి కనీసం 8 అడుగులు ఉండేలా బ్రాకెట్‌ను 9 లేదా 10 అడుగుల ఎత్తున బిగిస్తే ఇబ్బంది రాదు.

ఇక కరెంటు తీగల విషయంలో రాజీ పడడానికి వీల్లేదు. మన పాత బస్తీల్లోనూ కాలనీల్లోనూ మొదటి అంతస్తు బాల్కనీకి ఎదురుగానే తీగలు పోతుంటాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కిలోవోల్టుల వరకు ఉన్న తీగలకూ భవనానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. మీ ఇల్లు ఆ నిబంధనకు లోబడే ఉన్నా, కర్ర మూడున్నర అడుగులు బయటికి వస్తే మిగిలేది జానెడు కూడా కాదు. కర్ర పూర్తి పొడవును, గాలికి సాగిన జెండా పొడవును కలిపి చూసి, ఎటు తిప్పినా తీగకు 10 అడుగుల లోపు వచ్చే అవకాశం ఉంటే ఆ చోటును వదిలేయండి. వెదురు కర్ర కరెంటును ప్రసరింపజేయదని అనుకోవడం పొరపాటు. వానకు తడిసిన వెదురు, తడిసిన గుడ్డ రెండూ ప్రసరింపజేస్తాయి. వీధి వైపు తీగలున్న ఇంట్లో జెండాను లోపలి ఆవరణ వైపు గోడకు గానీ గేటు స్తంభం లోపలి ముఖానికి గానీ మార్చుకోవాలి. కర్రను దూర్చే సమయంలో, తీసే సమయంలో కూడా దాని కొన గాలిలో చాలా దూరం తిరుగుతుందని మరచిపోకూడదు.

బ్రాకెట్, కర్ర

ట్రూప్ బజార్‌లోనూ రాణీగంజ్‌లోనూ హార్డ్‌వేర్ దుకాణాల్లో తయారుగా ఉన్న బ్రాకెట్లు దొరుకుతాయి. వాటిలో పోత అల్యూమినియంతో చేసి, నాలుగు రంధ్రాలు, పక్కన బిగింపు మర ఉన్నవి చూసి తీసుకోండి. కానీ నాకు మాత్రం వీధి చివరి వెల్డింగ్ షాపులో చేయించుకోవడమే నచ్చుతుంది. మన గోడకు, మన కర్రకు సరిపోయే కొలతలు మనమే చెప్పుకోవచ్చు. 6 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పలక తీసుకొని, దాని మీద 6 అంగుళాల పొడవున్న ఇంచు జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్కను 45 డిగ్రీలకు కోయించి వెల్డింగ్ చేయించాలి. పైపు కిందిభాగానికీ పలకకూ మధ్య త్రికోణాకారపు రేకును ఊతంగా అతికించమని చెప్పాలి. పలక నాలుగు మూలలా అంచుకు అర అంగుళం లోపలగా రంధ్రాలు వేయించాలి. నిలువు ఎడం మాత్రమే కాక అడ్డపు ఎడం కూడా ఉండాలి, ఎందుకంటే గోడ వెంబడి పక్కగా వీచే గాలి కర్రను ఎడమకూ కుడికీ తిప్పుతుంది.

ఇక్కడ పైపు కొలతల చిక్కు ఒకటి ఉంది. జీఐ పైపును లోపలి రంధ్రపు నామమాత్ర కొలతతో అమ్ముతారు. ఇంచు జీఐ పైపు బయటి వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు. రెయిలింగుకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు పైపును బయటి వ్యాసంతో అమ్ముతారు. ఇంచు ఎస్ఎస్ పైపు అంటే బయటికి 25.4 మిల్లీమీటర్లే. ఈ తేడా తెలియక రెండూ ఇంచువే కదా, ఒకదానిలో ఒకటి ఎలా దూరుతుందని అడిగేవారున్నారు. నిజానికి నీలి గీత ఉన్న బి క్లాస్ ఇంచు జీఐ పైపు లోపలి వ్యాసం 27 మిల్లీమీటర్ల పైచిలుకు కాబట్టి, అందులో ఇంచు ఎస్ఎస్ పైపు కొద్దిపాటి వదులుతో చక్కగా దిగుతుంది. ఆ వదులును తీసేయడానికి గొట్టం పక్కన ఒక నట్టును వెల్డింగ్ చేయించి, అందులో చేత్తో తిప్పగలిగే బోల్టు పెట్టించుకుంటే కర్ర కదలదు, ఎవరైనా లాగినా ఊడి రాదు. గొట్టం అడుగున, పలకకు దగ్గరగా 6 మిల్లీమీటర్ల రంధ్రం తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే వాన నీరు లోపల నిలిచి ముందు గొట్టాన్ని, తరువాత గోడను పాడుచేస్తుంది.

వెల్డింగ్ పూర్తయ్యాక మాడిన చోట్లను గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, దాని మీద ఎనామెల్ రెండు పూతలు వేయాలి. గొట్టం లోపలి వైపు కుంచె పోదు. ప్రైమరును అందులో పోసి అటూ ఇటూ తిప్పి ఒంపేస్తే సరిపోతుంది. కర్రగా ఎస్ఎస్ పైపు గానీ అల్యూమినియం పైపు గానీ మన్నికగా ఉంటుంది. టేకు కర్ర అందంగా ఉంటుంది గానీ ఏటా వార్నిష్ కోరుతుంది.

గోడ ఏమిటో తెలుసుకోవడం

బయటికి ప్లాస్టరింగ్, రంగు ఒకేలా కనిపించినా లోపల ఉన్నది ఇంటింటికీ వేరు. చార్మినార్, మొగల్‌పురా వైపు పాత ఇళ్లలో రాయీ డంగు సున్నమూ ఉంటాయి. కొన్ని దశాబ్దాల కిందట కట్టిన కాలనీ ఇళ్లలో ఎర్ర ఇటుక ఎక్కువ. ఇటీవలి అపార్టుమెంట్లలో కాంక్రీటు స్తంభాల మధ్య గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటుతో చేసే ఏఏసీ దిమ్మెలో, సిమెంటు ఇటుకలో వాడుతున్నారు. ఏది ఉందో తెలుసుకోవడానికి బ్రాకెట్ పలక మరుగున పడే చోట సన్నని డ్రిల్లు బిట్టుతో ఒక పరీక్ష రంధ్రం వేసి, రాలే పొడిని చూడాలి. మొదటి 20 మిల్లీమీటర్ల వరకు బూడిద రంగు ప్లాస్టరింగ్ పొడే వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తరువాత ఎర్రపొడి వస్తే ఇటుక. బిట్టు మెత్తగా దిగిపోతూ తేలికైన తెల్లని పొడి వస్తే ఏఏసీ. బిట్టు మొరాయిస్తూ మెత్తని బూడిద పొడి కొద్దికొద్దిగా వస్తే కాంక్రీటు. ఎర్రపొడి వస్తూ వస్తూ ఒక్కసారిగా ఇసుకలాంటిది రాలితే బిట్టు ఇటుకల మధ్య అతుకులోకి పోయిందని అర్థం. రంధ్రాన్ని ఒక అంగుళం పైకో కిందికో జరపాలి.

దానికన్నా ముందు ఆ చోటంతా సుత్తి పిడితో తట్టి చూడాలి. గుల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ గోడను వదిలేసిందన్నమాట. అక్కడ ఎంత పెద్ద మర వేసినా పెళ్లతో సహా వస్తుంది. ముందు గోడకు రాతి పలకలో టైల్సో అతికించి ఉంటే బ్రాకెట్ బరువు వాటి మీద పడకూడదు. డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపి మామూలు తిప్పుడుతోనే టైల్‌ను దాటి, అసలు గోడలోకి తగినంత లోతు పోయే పొడవైన మరలు వాడాలి. అలంకారానికి అమర్చిన ఏసీపీ (రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే) షీట్ల మీద ఏ పరిస్థితిలోనూ బిగించకూడదు.

చోటు ఎంచుకొనే స్వేచ్ఛ ఉంటే కాంక్రీటు స్తంభాన్ని గానీ దూలాన్ని గానీ ఎంచుకోండి. స్తంభంలో ఇనుప కడ్డీలు సాధారణంగా కాంక్రీటు పైతలం నుంచి 40 మిల్లీమీటర్ల లోతున మొదలవుతాయి. బిట్టు ఆ లోతులో ఆగిపోయి నిప్పురవ్వలు గానీ మెరిసే ఇనుప రజను గానీ వస్తే బలవంతం చేయకుండా రంధ్రాన్ని పక్కకు జరపాలి. మన జెండా కోసం ఇంటి కడ్డీని కోయడం తగదు. కాంక్రీటు అంచుకు కనీసం 4 అంగుళాల లోపలగా ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఫాస్టనర్ (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకొనే ఇనుప బోల్టు) వ్యాకోచించినప్పుడు మూల పగిలిపోతుంది. సజ్జ చివర, పిట్టగోడ పైవరుస కూడా ఇదే కారణంతో పనికిరావు.

పిట్టగోడ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఎంచుకొనేది దాన్నే. మన ఇళ్లలో అది చాలా చోట్ల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాత్రమే. దానిలో ప్లగ్గులు వేయడం కన్నా గోడను ఆరపార తొలిచి, లోపలి వైపు అదే కొలతలో రెండో పలక పెట్టి, పొడవైన బోల్టులతో రెండింటినీ కలిపి బిగించడం ఎన్నో రెట్లు మేలు. అప్పుడు లాగుడు ఒక్క రంధ్రం మీద కాక పలక వెడల్పంతా పరచుకుంటుంది. ఏఏసీ గోడకూ ఇదే ఉత్తమమైన పద్ధతి. అయితే అక్కడ లోపలి పలక పడకగది గోడ మీదికి వస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లను ముందుగా ఒప్పించుకోవాలి.

రంధ్రాలు, మరలు

గోడలో దాగిన కరెంటు, నీటి పైపులు ఎటు పోయాయో చూసుకోండి. బయటి దీపం పాయింటుకు నిటారుగా పైనా కిందా, స్నానాల గది గోడకు వెలుపలా తొలచకపోవడం మంచిది. పలకను గోడకు ఆనించి, రసమట్టం పెట్టి నిలువు సరిచూసి, నాలుగు రంధ్రాలకూ పెన్సిలుతో గుర్తులు పెట్టాలి. ముందు పైన ఉన్న ఒక్క రంధ్రం మాత్రమే వేసి, పలకను దానికి వదులుగా తగిలించి, మళ్లీ రసమట్టంతో సరిచూసి, మిగిలిన మూడూ వేయాలి. నాలుగూ ఒకేసారి వేస్తే బిట్టు కొద్దిగా జారినా పలక కూర్చోదు.

ఎర్ర ఇటుకకు 10 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్గు, దానికి తగిన స్టెయిన్‌లెస్ స్టీలు మర సరిపోతాయి. మర ప్లాస్టరింగ్‌ను దాటి ఇటుకలోకే రెండు అంగుళాలు పోవాలి. అంటే మొత్తం పొడవు మూడు అంగుళాలకు తగ్గకూడదు. ఇనుప యాంకర్ ఫాస్టనర్‌ను ఇటుకలో వాడవద్దు, అది వ్యాకోచించే బలానికి ఇటుక చీలిపోతుంది. కాంక్రీటులో మాత్రం అదే సరైనది. 8 లేదా 10 మిల్లీమీటర్లది, కాంక్రీటులోకి కనీసం రెండు అంగుళాలు దిగేది తీసుకోవాలి. ఫాస్టనర్లలో కొన్నింటికి బోల్టు మందమే రంధ్రం చాలు, మరికొన్నింటికి అంతకన్నా పెద్ద రంధ్రం కావాలి కాబట్టి ప్యాకెట్టు మీద రాసిన బిట్టు కొలతనే పాటించాలి. ఏఏసీలో ఆరపార బోల్టు కుదరకపోతే ఆ దిమ్మెల కోసమే చేసిన పొడవైన ప్లగ్గుల్ని గానీ కెమికల్ యాంకర్‌ను (రంధ్రంలో జిగురు మందు నింపి అతికించే బోల్టును) గానీ వాడాలి. మామూలు ప్లగ్గు అందులో వేలితో లాగినా వస్తుంది.

రాయీ సున్నమూ ఉన్న పాత గోడలో డ్రిల్లు అదురుకు సున్నం రాలిపోతుంది. అక్కడ తాపీ మేస్త్రిని పిలిపించి, తలుపు చట్రాలకు వాడే హోల్డ్‌ఫాస్ట్‌ల వంటివి పలక వెనుక వెల్డింగ్ చేయించి, ఉలితో చిన్న గూడు తీసి, సన్న కంకర కాంక్రీటుతో పూడ్పించడమే సరైన దారి. వారం రోజులు తడుపుతూ ఉండాలి, అంతవరకు కర్ర పెట్టకూడదు.

ఏ గోడలోనైనా రంధ్రంలోని పొడిని పూర్తిగా ఊది తీసేయాలి. దీనికి సైకిలు పంపు చాలు. నోటితో ఊదితే పొడి కళ్లలో పడుతుంది. కెమికల్ యాంకర్ అయితే బ్రష్షుతో తోమి మళ్లీ ఊదాలి, పొడి మిగిలితే ఆ మందు గోడను కాక పొడిని పట్టుకుంటుంది. మరలన్నింటినీ ముందు సగం సగం బిగించి, ఆ తరువాత ఎదురెదురు మూలల క్రమంలో పూర్తిగా బిగించాలి. పలక చుట్టూ పైనా రెండు పక్కలా సిలికాన్ పూసి, కింది అంచును మాత్రం వదిలేయాలి. లోపలికి ఎలాగో చేరిన చెమ్మ బయటికి పోవడానికి ఆ దారి ఉండాలి. నాలుగు వైపులా మూసేస్తే నీరు పలక వెనుకే నిలిచి గోడ మీద తుప్పు చారలు దింపుతుంది.

జెండా కట్టే ముందు ఒట్టి కర్రను పెట్టి, దాని కొన దగ్గర చేత్తో కిందికీ, రెండు పక్కలకీ గట్టిగా లాగి చూడాలి. పలక పై అంచుకూ గోడకూ మధ్య గోరంత సందు కనిపించినా విప్పి మళ్లీ చేయవలసిందే. ఈ పని వీలైనంతవరకు బాల్కనీలో నిలబడి చేయదగిన చోటనే పెట్టుకోండి. నిచ్చెన తప్పనిసరైతే నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున దాని పాదాన్ని గోడకు దూరంగా ఉంచి, కింద ఒక మనిషి పట్టుకొని ఉండగా ఎక్కాలి. అద్దె ఇల్లయితే యజమానినీ, అపార్టుమెంటయితే సంఘాన్నీ ముందే అడగాలి. వెలుపలి గోడ ఒక్క ఫ్లాటు వారిది కాదు.

వీధి స్తంభానికి బిగించాలంటే

మీ ఇంటి ముందున్న విద్యుత్ స్తంభం దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ ఆస్తి, వీధి దీపాల నిర్వహణ నగరపాలక సంస్థది. ఆ సంస్థల అనుమతి లేకుండా ఆ స్తంభాలకు ఏదీ కట్టకూడదు, తీగలు మోసే స్తంభానికైతే అనుమతి అడగాలన్న ఆలోచన కూడా మానుకోవాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ప్రాణాలు పోయాయి. అందువల్ల ఈ భాగంలో చెప్పేది గేటెడ్ కమ్యూనిటీల లోపల, విద్యాసంస్థల ఆవరణల్లో, సంఘం సొంతంగా వేయించిన, భూగర్భ కేబుల్ ఉన్న దీప స్తంభాలకు మాత్రమే వర్తిస్తుంది. అక్కడ కూడా పని సమయంలో ఆ స్తంభాల సరఫరాను ఆపి, సంఘం ఎలక్ట్రీషియన్‌ను దగ్గర ఉంచుకోవాలి.

స్తంభానికి రంధ్రం వేయకూడదు. లోపల తీగలుంటాయి, పైగా జింకు పూత తెగిన చోటు నుంచి తుప్పు మొదలవుతుంది. వెనుక భాగం స్తంభం వంపుకు సరిపోయే బ్రాకెట్‌ను, మధ్యలో రబ్బరు పట్టీ వేసి, ఒకదాని కింద ఒకటిగా రెండు స్టెయిన్‌లెస్ స్టీలు బ్యాండ్లతో గానీ యూ బోల్టులతో గానీ బిగించాలి. గుండ్రని స్తంభం మీద పక్కగాలికి బ్రాకెట్ మెల్లగా చుట్టూ తిరిగిపోతుంది. దాన్ని ఆపడానికి పళ్లున్న క్లాంపు కావాలి. ఎనిమిది పలకల స్తంభం మీద ఈ బాధ ఉండదు. రోడ్డు మీదికి వచ్చే జెండా కింది కొస 18 అడుగుల ఎత్తున ఉంటే స్కూలు బస్సులకూ నీళ్ల ట్యాంకర్లకూ తగలదు. అంత ఎత్తు దొరకని చోట కర్రను ఫుట్‌పాత్ వైపు తిప్పాలి. దీపానికి బాగా దిగువన, సీసీ కెమెరా చూపుకు అడ్డు రాకుండా చూసుకోవాలి. ఈ చివరి విషయాన్ని మరచిపోతే పండుగ మర్నాడే సెక్యూరిటీ వాళ్లు వచ్చి తీయమంటారు.

జెండా కట్టడం

కిటికీ నుంచో బాల్కనీ నుంచో భవనం ముందు భాగం నుంచో వాలుగా వచ్చే కర్ర మీద కాషాయ రంగు కర్ర చివరి కొన వైపు ఉండాలని నియమావళి స్పష్టంగా చెబుతోంది. గొట్టంలా కుట్టిన అంచు ఉన్న జెండా కొనేటప్పుడు ఆ కుట్టు ఏ వైపు తెరిచి ఉందో చూసుకోవాలి. ఆకుపచ్చ వైపు మూసేసి ఉంటే అది మన కర్రకు పనికిరాదు. వాలు కర్ర మీద జెండా తన బరువుకు తానే బ్రాకెట్ వైపు జారుతుంది కాబట్టి, పై మూలను కర్ర కొనలోని రింగుకు సన్నని నైలాన్ తాడుతో కట్టాలి. గుడ్డ కర్రకు చుట్టుకోకుండా ఉండాలంటే కర్ర మీద స్వేచ్ఛగా తిరిగే రెండు రింగులు వేసి, జెండా మూలలను వాటికి తగిలించాలి. పై రింగు కిందికి జారకుండా దాని దిగువన ఒక చిన్న క్లిప్పు బిగిస్తే చాలు.

2002 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన నియమావళి సామాన్య పౌరులకు ఏ రోజైనా జెండా ఎగరేసే వీలు కల్పించింది. 2004లో సుప్రీంకోర్టు పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కేసులో దీన్ని భావప్రకటనా హక్కులో భాగంగా గుర్తించింది. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టరు, మరమగ్గపు జెండాలకు అనుమతి వచ్చింది. 2022 జులై సవరణ తరువాత ఇంటి మీద జెండాను పగలూ రాత్రీ ఉంచవచ్చు. వాలు కర్రకు నేను పాలిస్టరునే సూచిస్తాను; తడిసిన ఖాదీ బరువెక్కి కర్రను లాగుతుంది, ఆరడానికి చాలా సేపు పడుతుంది. అదే బ్రాకెట్‌ను శ్రీరామనవమికో బోనాలకో మరో జెండాకు వాడుకోవచ్చు గానీ, జాతీయ జెండా ఉన్న కర్ర మీద మరే జెండా కట్టకూడదు, దాని పక్కన సమాన ఎత్తులో గానీ అంతకన్నా ఎత్తులో గానీ మరొకటి ఉంచకూడదు.

గాలికి ముందుగా చిరిగేది జెండా స్వేచ్ఛగా ఎగిరే వైపు అంచు. దారాలు లేవడం మొదలుకాగానే దించి కుట్టించాలి. చిరిగిన, మాసిన జెండాను ఎగరేయడం నిషిద్ధం. బాగుచేయడానికి వీలు కానప్పుడు దాన్ని చెత్తలో వేయకుండా, ఎవరి కంటా పడకుండా, గౌరవంగా కాల్చివేయాలి. వానాకాలం ముగిశాక ఒకసారి, వేసవి గాలులకు ముందు ఒకసారి నట్లను పానాతో సరిచూసి, తుప్పు కనిపించిన చోట గీకి రంగు వేయాలి. కర్ర లేని రోజుల్లో గొట్టం నోటిని మూసి ఉంచకపోతే కందిరీగలు మట్టి గూడు కడతాయి, అది అడుగున ఉన్న నీటి రంధ్రాన్ని కూడా పూడ్చేస్తుంది. కుర్చీ కాళ్లకు వేసే రబ్బరు బూటు దీనికి సరిగ్గా అమరుతుంది. గొట్టం బయటి వ్యాసం 34 మిల్లీమీటర్లని దుకాణంలో చెప్పి అడగండి.